ఫ్రాక్చరింగ్ ఫలితాన్ని ట్రేసర్లతో తేల్చవచ్చా?

పాతరిగ్గు: మండపేట ఇసుకరాయి వంటి, గ్యాసు సులువుగా కదలని బిగుతు పొరలలో ఫ్రాక్చరింగ్ (నీటి ఒత్తిడితో రాతిని పగలగొట్టడం) ఏ మేరకు ఫలించిందో ట్రేసర్లు (జాడ తెలిపే పదార్థాలు) చెబుతాయని నా అభిప్రాయం. బావిలో విడివిడిగా పగలగొట్టే ఒక్కో భాగానికి, అంటే ఒక్కో స్టేజికి, పంపే నీటిలో ఒక్కో ఫ్లోరినేటెడ్ బెంజోయిక్ ఆమ్లాన్ని స్వల్పంగా కలిపి, తిరిగి పైకి వచ్చే నీటిని పరీక్షిస్తే, వంద కోట్ల భాగాలలో కొద్ది భాగాలున్నా అది దొరుకుతుంది. ఏ స్టేజి నీటిని వదులుతోందో, ఏది మూసుకుపోయిందో దానినిబట్టి తెలుస్తుంది.

రసాయనం మాస్టారు: అది నీటి లెక్క మాత్రమే. నీరు వదిలిన స్టేజి గ్యాసు కూడా ఇస్తోందనడానికి ఆధారమేది? అందుకు గ్యాసు ట్రేసరు విడిగా వేయాలి.

పాతరిగ్గు: ప్రాపెంటుకు (పగుళ్లు మూసుకోకుండా నింపే ఇసుకకు) రేడియోధార్మిక ఇరిడియం-192, స్కాండియం-46 జోడించి, బావిలో వాటి కిరణాలను కొలిచే గామా లాగ్ తీసే పద్ధతి కూడా ఉంది కదా.

రసాయనం మాస్టారు: ఆ లాగ్ బావి గోడ నుంచి రెండడుగుల లోపే చూడగలదు. పగులు ఎంత దూరం పోయిందో దానికి తెలియదు.

లంకరైతు: మీరు అడుగులు లెక్కపెట్టుకుంటున్నారు. మా చేను పక్కన డ్రిల్లింగ్ జరిగిన మరుసటి వేసవికే మా బోరు ఉప్పబడింది. ఇప్పుడు ఇరిడియం కూడానా?

పాతరిగ్గు: ఇరిడియం-192 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 74 రోజులు, స్కాండియం-46ది 84 రోజులు. ఏళ్ల తరబడి నిలిచేవి కావవి. తీరంలో బోర్లు ఉప్పబడటానికి అతిగా తోడటం, సముద్రపు నీరు చొచ్చుకురావడం, రొయ్యల చెరువులు చాలు. ప్రతిదానికీ రిగ్గును నిందించడం మీకు అలవాటైంది.

లంకరైతు: 1995లో పాసర్లపూడి బావి 65 రోజులు మండింది. అది చూసినవాళ్లం, మా భయాన్ని అలవాటు అనకండి!

కొబ్బరితోట: అది బ్లోఅవుటండీ, బావిలో గ్యాసు అదుపు తప్పి ఎగదన్నడం; ఫ్రాక్చరింగ్ కాదు.

లంకరైతు: తెలుసు. బోరు విషయంలో ఆయన చెప్పిందే నిజం కావచ్చు, కానీ దానిని తేల్చే సాధనం ఆయన చేతిలోనే ఉంది. సముద్రపు నీటిలో లేని ఆ ఆమ్లాన్ని మా బోరులో వెతకమనండి. ఏ ఆమ్లం వేశారో మాకు చెప్పకపోతే ప్రయోగశాలవారిని దేనికోసం చూడమని అడగాలి?

పాతరిగ్గు: ట్రేసరు వేసేది బావి పనితీరు కోసం, ఊరి బోర్ల కోసం కాదు. స్టేజివారీ ఫలితాలు సంస్థ సొత్తు. పైగా ఇప్పుడు దొరకనంత మాత్రాన రేపు కూడా రాదని మీరు ఒప్పుకుంటారా?

రసాయనం మాస్టారు: ఒప్పుకోనక్కరలేదు, ఏటా పరీక్షించుకోవచ్చు. ఫలితాలు మీ దగ్గరే ఉంచుకోండి, ఆమ్లం పేరు మాత్రం ఇవ్వండి. పని మొదలుకాకముందే చుట్టుపక్కల బోర్ల నమూనాలు కూడా తీసి పెట్టాలి.

పాతరిగ్గు: ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

లంకరైతు: గ్యాసు అమ్ముకునేవారే భరించాలి.