‘నువ్వు ముందొచ్చినా, నేను గెలిచినా’: ఇది పూర్తి వాక్యమా, కాదా?

గ్రూపులో పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పోయిన వారం తిరుపతిలో ఒక కాలేజీ ఫెస్టులో ర్యాప్ బ్యాటిల్‌కి, అంటే ఇద్దరు ర్యాపర్లు ఎదురెదురుగా మాటలతో తలపడే పోటీకి, జడ్జిగా కూర్చున్నాను. ముగ్గురం జడ్జిలం. ఒకవైపు పదేళ్లుగా స్టేజీలు ఎక్కుతున్న చిత్తూరు సీనియర్. ఇంకోవైపు పలమనేరు పక్క నుంచి వచ్చిన కుర్రాడు, ఇప్పుడిప్పుడే పేరు వినబడుతోంది. బీటు లేదు, ఒట్టి గొంతుతో మూడు రౌండ్లు. మొదటి రౌండు సీనియర్‌ది, రెండోది కుర్రాడిది, ఇంతవరకు ముగ్గురికీ ఒకటే మాట. మూడో రౌండు ఒక్క క్రియాపదం దగ్గర తేలింది. అందుకే దీన్ని భాషా గ్రూపులో పెడుతున్నాను.

కుర్రాడు చివర్లో చెప్పిన నాలుగు లైన్లు ఇవి:

చెవులు నీవన్నా, విను
కొమ్ములు నావన్నా, కను
నువ్వు ముందొచ్చినా
నేను గెలిచినా

అని ఆపేశాడు. నాకు ఒళ్లు జలదరించింది. పక్కనున్న జడ్జిలిద్దరూ మాత్రం ‘లైన్ మర్చిపోయాడు’ అని రాసుకున్నారు. బ్యాటిల్‌లో దాన్ని చోక్ అంటారు, మార్కులు పోతాయి. వాళ్లిద్దరూ కోస్తావాళ్లు. వాళ్ల చెవికి ‘నువ్వు ముందు వచ్చినప్పటికీ, నేను గెలిచినప్పటికీ’ అని వినబడింది. ఆ తర్వాత ఇంకేదో రావాలి కదా అని ఎదురుచూశారు. రాలేదు.

చిత్తూరు జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మన ఇళ్లల్లో ‘వచ్చాను, చేశాను, గెలిచాను’ అనం. ‘వచ్చినాను, చేసినాను, గెలిచినాను’ అంటాం. మాట వేగంలో చివరి ‘ను’ కూడా రాలిపోతుంది. ‘యాడికి పోయింటివి?’ అంటే ‘అంగడికి పోయినా’ అంటాం. అది పూర్తి జవాబు. కాబట్టి ‘నేను గెలిచినా’ అంటే నేను గెలిచాను అనే. వాక్యం అక్కడ ముగిసింది.

మొదటి ‘ముందొచ్చినా’ వేరు. అది బడిలో మనం చదువుకున్న అప్యర్థకం, ‘వానలు కురిసినా పంటలు పండలేదు’ లాంటిది. భూతకాలం అయితే ‘నువ్వు’ పక్కన ‘వచ్చినావు’ అని ఉండాలి, కాబట్టి ఇక్కడ తికమకకు చోటు లేదు. ఒకే ‘చినా’ పై లైన్లో ‘అయినా సరే’ అంటోంది, కింది లైన్లో ‘అయిపోయింది’ అంటోంది. ఆ రోజు జడ్జిలతో వాదిస్తూ దీన్ని శ్లేష అన్నాను. అది సరికాదు. శ్లేషలో మాట ఒకచోటే ఉండి రెండర్థాలు ఇస్తుంది. ఇక్కడ అవే అక్షరాలు రెండుచోట్ల వచ్చి వేరువేరు అర్థాలు ఇచ్చాయి, కాబట్టి యమకానికి దగ్గర. పెద్దలు సరిచేయాలి.

పై రెండు లైన్ల వెనక ఏ సామెత ఉందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. ఆ సామెతను అతను ఎక్కడా పూర్తిగా చెప్పలేదు. సీనియర్‌ని ‘అన్నా’ అని మర్యాదగా పిలుస్తూనే చెవులు ఆయనకిచ్చి, కొమ్ములు తను ఉంచుకున్నాడు. ‘ముందొచ్చినా’ అనే మాట ఆ సామెతలోంచే వచ్చింది. నాలుగు లైన్లలో ఇంత అల్లిక నేను ఈ మధ్య ఏ స్టేజీ మీదా వినలేదు.

సీనియర్‌ని తక్కువ చేయడం లేదు. ఆయన ఒక్క క్షణం కూడా తీసుకోకుండా అందుకున్నాడు: ‘గెలిచినా... గెలిచినా ఏంది తమ్ముడూ, మిగతా సగం ఇంట్లో మరిచినావా?’ హాలు అదిరిపోయింది. అప్పటికప్పుడు పుట్టిన జవాబు, ప్రాస కూడా కుదిరింది. ఆ రిబటల్‌కి నేను నిండు మార్కులు వేశాను. కానీ ఆయన ‘మరిచావా’ అనలేదు, ‘మరిచినావా’ అన్నాడు. అంటే ఆ రూపం ఆయన నోట్లోనూ ఉన్నదే. కుర్రాడి వాక్యం పూర్తయిందని ఆయనకు తెలుసు. తెలియనట్టు నటించడం బ్యాటిల్‌లో ఒక ఎత్తు, అది చెల్లుతుంది. ఆ ఎత్తును జడ్జిలు నిజమని నమ్మడమే నాకు బాధ. నేను కుర్రాడికి వేశాను, వాళ్లిద్దరూ సీనియర్‌కి వేశారు.

ర్యాప్‌లో ఈ తగాదా కొత్తది కాదు. 1981లో న్యూయార్క్ హార్లెమ్‌లో బిజీ బీ, కూల్ మో డీ అనే ర్యాపర్లు ఇట్లాగే తలపడ్డారు. బిజీ బీ జనాన్ని ఊపడంలో దిట్ట. కూల్ మో డీ సూటిగా ఆయన మీదే మాటలు అల్లి వదిలాడు. జనం కేకలు ఒక్కటే కొలత కాదు, రాతను కూడా చూడాలి అనే వాదనకు ఆ పోటీని ఇప్పటికీ గుర్తుచేస్తారు.

మీరేమంటారు? ఈ లైన్‌కి మార్కు వేస్తారా?

కరీంనగర్ నుంచి ఒక మిత్రుడు:
మా దిక్కు ‘నేను గెలిచిన’ అంటం, చివర హ్రస్వం. దీర్ఘం పెడితే మాకూ ‘గెలిచినప్పటికీ’ అనే అర్థమైతది. అంటే ఈ లైన్ మీ సీమ నోట్లోనే పేలుతది అన్నా.

గుంటూరు నుంచి ఒక సభ్యురాలు:
లైన్ బాగుందండీ, కాదనను. కానీ పోటీ అన్నాక అందరికీ తెలిసే తెలుగు వాడాలి కదా? వినేవాళ్లకు అందకపోతే తప్పు రాసినవాళ్లది కాదా?

నా జవాబు:
కరీంనగర్ తమ్ముడూ, హ్రస్వం సంగతి నాకు తట్టలేదు. చాలా మంచి మాట చెప్పావు.

అక్కా, మీ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ పోటీ తిరుపతిలో జరిగింది, హాల్లో కూర్చున్నవాళ్లకు అందింది. మేం చిన్నప్పటి నుంచి పేపర్లో, సినిమాలో ‘గెలిచాను’ వింటూ దాన్నీ మా సొంతం చేసుకున్నాం. మా ‘గెలిచినా’ కూడా తెలుగే కదా. అవధానంలో పృచ్ఛకుడికి ఛందస్సు తెలిసి ఉండాలని మనం కోరుకుంటాం. ర్యాప్ జడ్జికి ఆ ఊరి క్రియాపదం తెలిసి ఉండాలని కోరుకోవడం ఎక్కువా?

ఇంకో సంగతి, యాస తెలియకపోయినా గొంతు చెప్పింది. ‘ముందొచ్చినా’ దగ్గర అతని స్వరం పైకి లేచింది. ‘గెలిచినా’ దగ్గర కిందికి దిగి ఆగింది. మాట మర్చిపోయినవాడి గొంతు అట్లా దిగదు, గాల్లో వేలాడుతుంది. బీటు లేదు కాబట్టి ఇది ఎవరికైనా స్పష్టంగా వినబడేదే.

అయిపోయాక కుర్రాడు నా దగ్గరకు వచ్చి, ‘గెలిచాను అనుంటే వేసేవాళ్లా సార్?’ అని అడిగాడు. వేసేవాళ్లేమో. కానీ ‘ముందొచ్చినా’ పక్కన ‘గెలిచాను’ పెడితే లైన్ చచ్చిపోతుంది. మార్చొద్దు అన్నాను.

మీరందరూ రాసినవి ఇందాక అతనికి ఫోన్ చేసి, మొత్తం చదివి వినిపించినా.