సారా బెర్నార్డ్ హామ్లెట్ గురించి తెలిసినవాళ్లు సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. థియేటర్ ఆర్ట్స్ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్. టాపిక్: 1899లో పారిస్‌లో యాభై ఏళ్లు దాటిన ఫ్రెంచి నటి సారా బెర్నార్డ్ షేక్‌స్పియర్ నాటకంలో రాకుమారుడు హామ్లెట్‌గా నటించడం.

1900లో తీసిన కత్తియుద్ధం సీను యూట్యూబ్‌లో చూశాను. రెండు నిమిషాలు కూడా లేదు. నల్లటి దుస్తుల్లో ఆవిడ చకచకా కత్తి తిప్పుతుంది, చివర్లో పడిపోతే మోసుకెళ్తారు. నాలుగైదుసార్లు చూశా, ఒక్కసారి కూడా ఆడమనిషి అని గుర్తురాలేదు! కానీ డైలాగు లేదు కదా, నా టెన్షనంతా అక్కడే. ఆవిడ గొంతుకి పెద్ద పేరు. హామ్లెట్ కోసం దాన్ని మార్చుకుందా, అలాగే ఉంచిందా? ఆడింది ఫ్రెంచి వచనానువాదం, మరి ఆ మాటల్లో లయ ఎలా ఉండేది?

మన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే జనం మురిసిపోయారు. తిరగేసి స్త్రీ రాకుమారుడి వేషం కడితే అప్పటి విమర్శకులు ఏమన్నారో కూడా కావాలి. నాకు ఫ్రెంచి రాదు. ఆనాటి సమీక్షలు ఇంగ్లిష్‌లోగానీ తెలుగులోగానీ ఎక్కడ దొరుకుతాయో చెప్పండి, ప్లీజ్. పుస్తకం పేరు చెప్పినా చాలు, లైబ్రరీలో వెతుక్కుంటాను.