పార్టీ వద్దని గెలిపించుకున్నం, గెలిచినంక కండువా కప్పుకున్నరు. మీ ఊర్లల్ల గూడ ఇంతేనా?

మర్రిగూడ పోరడు:

మాది మర్రిగూడ మండలంల ఒక ఊరు. పేరు రాయను, రాస్తే పొద్దుగూకేలోపు మా నాయినకు ఫోన్ పోతది. నేను ఎల్బీ నగర్‌ల ఉంట, ఏసీల రిపేరు పని. చలికాలం మాకెట్లాగు గిరాకీ ఉండదు, 2025 డిసెంబరుల సర్పంచ్ ఎలక్షన్లు అయిందాక ఊర్లనే ఉన్న.

ముందుగాల కథ. 2019 జనవరిల గెలిచినోళ్ల టైము 2024 ఫిబ్రవరి మొదట్ల అయిపోయింది. ఇగ ఆన్నుంచి రెండేండ్లకు దగ్గరదగ్గర స్పెషల్ ఆఫీసర్ పాలన. బీసీలకు 42 శాతమని జీవో తీసిన్రు, హైకోర్టు ఆపింది, ఆఖరికి మొత్తం 50 శాతం దాటకుంటనే నోటిఫికేషన్ ఇచ్చిన్రు. బీసీల కోసం మేమే కొట్లాడినమని అన్ని పార్టీలు అన్నయి. అందరు కొట్లాడితే మరి ఆగింది ఎవరితోని?

మా నియోజకవర్గం మునుగోడు. 2018ల కాంగ్రెస్ మీద గెలిచిన ఎమ్మెల్యే 2022ల రాజీనామా చేసి బీజేపీ మీద నిలబడ్డడు, టీఆర్ఎస్ గెలిచింది. ఏడాది తిరిగేసరికి ఆయన మళ్ల కాంగ్రెస్‌కు వచ్చి 2023ల గెలిచిండు. మా ఇంటి ముంగట కరెంటు స్తంభానికి ఈ మూడు జెండాలు కట్టింది ఒకే మనిషి, ఒకే నిచ్చెన. మాలాంటోళ్లకు రోత పుట్టింది అక్కడ్నే.

అందుకే ఈసారి వాడకట్టు పోరగాళ్లమంతా కూసొని, రెండు పెద్ద పార్టీల మనుషులు వద్దు, మనమే ఒకర్ని నిలబెడదామనుకున్నం. సీటు మహిళకు వచ్చింది. మహిళా సంఘం లీడర్ ఒక వదిన ఉన్నది, ఇంటర్ దాక చదివింది, సంఘం లోన్ల లెక్క రూపాయి తేడా రానియ్యలే. ఆమెను ఒప్పించుడే పెద్ద పని, వాళ్లాయనను ఒప్పించుడు ఇంకా పెద్ద పని.

పేర్లల్ల అక్షరాల వరుసను బట్టి గుర్తులిస్తరు గద, ఆమెకు కత్తెర వచ్చింది. ముసలోళ్లకు యాదికుండాలని టైలర్ కాడ నిజం కత్తెర అడుక్కొచ్చి గడప గడపకు చూపిచ్చినం. "గులాబి కాయితం మీద కత్తెర, తెల్ల కాయితం వార్డు మెంబర్‌ది" అని ఒర్రి ఒర్రి గొంతు పోయింది. అవతలి ఇద్దరు ఓటుకు ఎంతిచ్చిన్రో ఊరందరికి ఎరుక. సర్పంచ్‌కు ఖర్చు లిమిటు ఐదు వేల జనాభా లోపు ఊర్లల్ల లక్షన్నర. అవతలోళ్లకు అది ఒక్క రాత్రి మందుకు గూడ సరిపోలే. మేం చాయ్ తాపినం, అంతే. ఆమె మూడు పనులు చేస్తనని కాయితం మీద రాసి సంతకం పెట్టిచ్చింది: ఎస్సీ వాడల ఆఖరి ఇండ్ల దాక నల్లా నీళ్లు, బడి టైముకు బస్సు కోసం డిపోకు తిరుగుడు, ఊరికే పడి ఉన్న డంపింగ్ యార్డు నడిపిచ్చుడు.

పొద్దున 7 నుంచి ఒంటిగంట దాక ఓట్లు, రెండింటికి లెక్క మొదలు. కొద్ది ఓట్ల తేడాతోనే గాని గెలిచినం. ఆ రాత్రే వాట్సాప్‌ల రెండు పార్టీలోళ్లు "మా పార్టీ బలపరిచిన అభ్యర్థి ఘన విజయం" అని ఆమె ఫోటోనే పెట్టిన్రు. చూసి నవ్వుకున్నం.

ప్రమాణం చేసినంక కొన్ని దినాలకు ఇంకో ఫోటో వచ్చింది. వదిన, వాళ్లాయన, ఇద్దరు వార్డు మెంబర్లు, మెడల కండువాలు, నడుమ నాయకుడు. ఏ పార్టీయో రాయను, అధికారంల ఉన్నదే అనుకోండ్రి. రాస్తే సగంమంది ఆ పార్టీని తిడ్తరు, సగంమంది నన్ను తిడ్తరు, అసలు ముచ్చట పోతది. "ఏంది వదినా ఇది" అని ఫోన్ చేస్తే, "తమ్మీ, ఊరికి పనులు కావాల్నా వద్దా, నువ్వే చెప్పు" అన్నది. నాకు నోట్లె మాట రాలే.

నేను అడిగేది ఇది. ఆమె చెప్పింది నిజమా, సాకా? పార్టీ లేకుంట ఐదేండ్లు నడిపిన సర్పంచ్‌లు మీ దిక్కు ఎవరన్న ఉన్నరా? అడగనీకి చట్టంల మాకు ఏమన్న జాగ ఉన్నదా?

---

కల్వకుర్తి రోడ్డు:

మా తాలూకల రెండు పార్టీలు చెప్పుకున్న గెలుపు లెక్కలు కూడితే ఊర్ల కంటే సర్పంచ్‌లే ఎక్కువైన్రు బ్రదర్. మా సర్పంచ్ ఫోటో అయితే మూడు పార్టీల గ్రూపులల్ల తిరిగింది. ఆయన మూడింటికి దండం ఎమోజీ పెట్టిండు.

---

పాత సర్పంచ్, దేవరకొండ దిక్కు:

తమ్మీ, నేను 2019ల గెలిచి 2024 దాక చేసిన. నీ వదిన చెప్పింది సాకు గాదు. అట్లని మొత్తం నిజం గూడ గాదు.

సర్పంచ్ అంటే ఊరికి రాజు అనుకుంటరు. పల్లె ప్రగతి స్కీముల ప్రతి పంచాయతీకి ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ ఇప్పిచ్చిన్రు. ఇప్పిచ్చుడంటే లోన్ మీద, కిస్తు పంచాయతే కట్టాలె. నెల కాంగనే ముందు ట్రాక్టర్ కిస్తు, వీధి లైట్ల కరెంటు బిల్లు, సఫాయోళ్ల జీతాలు. సిన్న పంచాయతీల అవి పోంగ మిగిలేది ఏముంటది? వైకుంఠధామం అంటే శ్మశానం, నర్సరీ, ప్రకృతి వనం, అన్నిటికి టార్గెట్, అన్నిటికి కలెక్టర్ రివ్యూ. చెయ్యకుంటే నోటీసు, సస్పెన్షన్. 2018 చట్టంల ఆ అధికారం కలెక్టర్‌కు ఇచ్చిన్రు. చేస్తే బిల్లు రాదు. ఇంజనీరు పని కొలతల బుక్కు రాసిండు, చెక్కు పెట్టినం, పోయి ట్రెజరీల పడ్డది, ఆడ్నే పండుకున్నది. నేను సీసీ రోడ్డుకు సిమెంటు, కంకర బాకీ తెచ్చి ఏసిన, మూడు రూపాయల మిత్తి. గౌరవ వేతనం ఎంతో తెలుసా, 6,500. నా బిడ్డ పెండ్లికి దాచిన పైసలు ఆ రోడ్డు మీదున్నయి. బిల్లుల కోసం హైదరాబాద్ పోతమంటే తెల్లారకముందే ఇంటికొచ్చి స్టేషన్‌ల కూసోబెట్టిన్రు. సర్కారు మారకముందు ఒకసారి, మారినంక ఒకసారి. ఎస్సై మారిండు గని బెంచీ అదే.

నేను ఏ కండువా లేకుంట గెలిచినోన్నే. ఏడాదిన్నర ఆగిన. పక్కూరికి ఎమ్మెల్యే ఫండ్‌ల కమ్యూనిటీ హాలు, మాకు హామీ. ఆఖరికి నేనూ పోయిన. పోయినంక వచ్చిందేందంటావా? హైమాస్ట్ లైటు ఒకటి. పాత బిల్లు మాత్రం కండువాను జూసి కదల్లే. అందుకే మొత్తం నిజం గాదన్న. కండువాతోని లైటు వస్తది, ఇందిరమ్మ ఇండ్ల లిస్టుల మన మాట జర నడుస్తది. ట్రెజరీల పైస లేకుంటే ఏ రంగు కండువైనా ఒకటే.

ఇంకో ముచ్చట. పాలకవర్గాలు లేవని కేంద్రం 15వ ఆర్థిక సంఘం పైసలు ఆపింది. ఆ సంఘం టైమే 2026 మార్చి 31 దాక. డిసెంబరుల అంత ఉరుకులాట దేనికో ఇప్పుడు అర్థమైతదా? నీ వదినను జర తిట్టు, మరీ తిట్టకు.

---

రిటైర్డ్ సారు, నల్గొండ:

పై మిత్రుని అనుభవం విన్నాక నేను చెప్పేది పాత ముచ్చట అనిపించొచ్చు. 1996లో నల్గొండ పార్లమెంటు స్థానానికి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోతుంటే ఏ పార్టీ పట్టించుకోలేదని జల సాధన సమితి పిలుపుతో రైతులు, కూలీలు నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. మీ మర్రిగూడ ఊర్ల బాధే ఆ నిరసనకు మూలం, మీ నాన్నగారిని అడగండి.

చివరికి గెలిచింది సీపీఐ అభ్యర్థి ధర్మభిక్షం గారు. అంటే నిరసన పార్టీలను ఓడించలేదు. కానీ ఫ్లోరైడ్ సంగతి ఢిల్లీ దాకా పోయింది, ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా ఈ జిల్లాలో నీళ్ల మాట ఎత్తకుండా ఓట్లు అడగలేకపోయింది. అదీ ఎలక్షన్ల వరకే అనండి. శ్రీశైలం నుంచి ఈ జిల్లాకు కృష్ణా నీళ్లు తేవాల్సిన ఎస్ఎల్బీసీ సొరంగం ఇప్పటికీ పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరిలో అది కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు, ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేత పట్టుకొని వచ్చినవాళ్లు.

నేనైతే పార్టీలే వద్దనను. ఈ జిల్లాలో పార్టీ అంటే ఒకప్పుడు రాత్రి బడి, సంఘం, భూమి కోసం కొట్లాట. ఇప్పుడు కండువా ఒక్కటే మిగిలింది. నా బాధ దాని గురించే.

---

కల్వకుర్తి రోడ్డు:

సారూ, రాత్రి బడి కాదు, ఇప్పుడు రాత్రి దావత్.

---

వార్డు మెంబర్, మక్తల్:

అందరు సర్పంచ్ గురించే మాట్లాడుతున్నరు. నేను మొన్ననే వార్డు మెంబర్ అయిన, అందుకే ఒకటి చెప్త. సర్పంచ్ ఒక్కతె చెక్కు రాయలేదు, ఉప సర్పంచ్ సంతకం గూడ కావాలె. జాయింట్ చెక్ పవర్ 2018 చట్టంల పెట్టిన్రు. ఉప సర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు మెంబర్లం. మా ఊర్ల ఓట్ల లెక్క కాంగనే, ఇంక సర్టిఫికెట్ చేతికి రాకముందే, మెంబర్లను జీపుల ఎక్కిచ్చుకొని పోవాలని చూసిన్రు. నేను ఎక్కలే. మా అత్త గల్మల కట్టె పట్టుకొని కూసున్నది.

తమ్ముడూ, మీ ఫోటోల ఇద్దరు మెంబర్లు ఉన్నరంటివి, అండ్ల ఉప సర్పంచ్ ఉన్నడా? ఉప సర్పంచ్ అవతలి పార్టీ మనిషైతే ఆమె ఒక్క చెక్కు గూడ కొట్టలేదు. ఆమె కండువా ఎందుకు కప్పుకున్నదో అక్కడ చూడు.

ఇంకోటి. ఫోన్ ఎత్తింది వదినేనా, పక్కన వాళ్లాయన చెప్తుంటే మాట్లాడిందా? మా మండలంల మహిళా సర్పంచ్‌ల మీటింగ్ అంటే సగం కుర్చీలల్ల మొగోళ్లే కూసుంటరు. మీరు ఆమెను నిలబెట్టినప్పుడు "వాళ్లాయనను ఒప్పించుడు ఇంకా పెద్ద పని" అని రాసిన్రు గద. మరి కండువా అప్పుడు ఆమెను ఒప్పిచ్చింది ఎవరు?

---

మర్రిగూడ పోరడు:

అక్కా, ఇప్పుడే ఫోటో పెద్దగ చేసి చూసిన. ఉప సర్పంచ్ ఉన్నడు, వదిన పక్కనే, అందరికంటె పెద్ద నవ్వు ఆయన్దే. ఆయన మొదట్నుంచి ఆ పార్టీ మనిషే. మీరు చెప్పింది సరిపోయింది.

పాత సర్పంచ్ అన్నా, మీ బిల్లుల సంగతి చదివి నా కోపం సగం దిగింది. మిగిలిన సగం మాత్రం దిగది. ఆమె పార్టీల చేరిందని గాదు నా బాధ. మమ్మల్ని ఒక్క మాట అడగలే. "ఇట్ల పైసలు వస్తలేవు, ఉప సర్పంచ్ సంతకం పెడ్తలేడు, చేరుదామా వద్దా" అని చావడి కాడ కూసోబెట్టి అడిగితే, ఏమో, సగంమందిమి చేరుమనే అంటుంటిమి. కత్తెర పట్టుకొని గొంతు పోంగ ఒర్రింది మేము, కబురు మాత్రం వాట్సాప్ ఫోటోల తెలిసింది.

చట్టంల ఎక్కడ అడగాల్నో ఎవరన్న చెప్పుండ్రి.

---

పాత సర్పంచ్, దేవరకొండ దిక్కు:

పార్టీ మారిందని ఆమెను చట్టం ఏమనదు. సర్పంచ్ ఎలక్షన్ పార్టీ గుర్తుల మీద జరగదు గాబట్టి కాయితం మీద ఆమెకు పార్టీయే లేదు, ఇగ మారేదేంది? ఎంపీటీసీ, జెడ్పీటీసీలే పార్టీ గుర్తు మీద నిలబడేది.

నువ్వు అడగాల్సిన జాగ గ్రామసభ. రెండు నెలలకోసారి పెట్టాలని చట్టంలనే ఉన్నది. మస్తు ఊర్లల్ల సంతకాలు ఇండ్లకు పంపి పెట్టించుకొని సభ అయిందని రాస్కుంటరు. నేను సర్పంచ్‌గ ఉన్నప్పుడు గూడ సభకు జనం రాకపోయేటోళ్లు, దావత్‌కైతే పిలవకున్నా వస్తుండె. సెక్రటరీని ముందే అడుగు, తేదీ ఎప్పుడని. డప్పు చాటింపు ఏపిచ్చుమను. ఆమె సంతకం పెట్టిన ఆ మూడు పనుల కాయితం పట్టుకపో, తీర్మానం బుక్కుల ఎక్కియ్యమను. 15వ ఆర్థిక సంఘం పైసలల్ల 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికే వాడాలె. నీ నల్లా పైపులైను, డంపింగ్ యార్డు రెండు అండ్లనే వస్తయి, కండువాతోని సంబంధం లేదు. ఎంతొచ్చింది, దేనికి వాడిన్రు అనేది ఈ-గ్రామ్ స్వరాజ్ సైట్ల మీ ఊరి పేరు కొడితే కనవడ్తది. ఆ కాయితం తీసుకొని పోతే అక్కడ ఎవ్వరు నిన్ను పోరడని తోసెయ్యలేరు.

బస్సు మాత్రం నీ వదిన చేతుల లేదు. దానికి ఆ కండువాను జర వాడుకోమను.

---

మర్రిగూడ పోరడు:

సైట్ల చూస్త. ఒకటే అనుమానం. నేను ఉండేది ఎల్బీ నగర్‌ల. సభల లేచి మాట్లాడితే "నువ్వు పట్నపోడివి, నీకేం పని" అంటరు. మొన్న ఓటు అడగవోయినప్పుడు గూడ ఒకాయన అట్లనే అన్నడు.

---

వార్డు మెంబర్, మక్తల్:

ఊరి ఓటర్ లిస్టుల పేరున్న ప్రతి మనిషి గ్రామసభ మెంబరే. నీ ఓటు ఊర్లనే ఉన్నది గద, మాట్లాడు. గని ఒక్కనివే పోకు, ఎస్సీ వాడ ఆఖరి ఇండ్ల ఆడోళ్లను తోలుకపో. నీళ్ల బిందె మోసేటోళ్లు వాళ్లే, వాళ్లడిగితే వదిన తలకాయ తిప్పుకోలేదు. ఉప సర్పంచ్‌ను గూడ పేరు పెట్టి అడుగుండ్రి.