గజ్జి వచ్చిన ఇంట్లో కార్పెట్, సోఫాలకి ప్రొఫెషనల్ క్లీనింగ్ చేయించాలా?

చిన్నోడి అమ్మ:

అందరికీ నమస్తే అండీ, తెలిసినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి, రెండ్రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు. మా చిన్నోడికి నెల రోజుల నుంచి చీకటి పడితే చాలు ఒకటే దురద, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ చిన్న చిన్న పొక్కులు, మేమేమో చెమటకాయలనుకుని పౌడర్ కొట్టుకుంటూ కూర్చున్నాం. తర్వాత పాపకి మొదలైంది, ఇప్పుడు నాకూ వచ్చింది. మొన్న స్కిన్ డాక్టర్ చూడగానే గజ్జి అన్నారు, పెర్మెత్రిన్ క్రీమ్ రాసిచ్చి ఇంట్లో అందరూ ఒకే రోజు పూసుకోమన్నారు.

క్రీమ్ తెచ్చిపెట్టాం గానీ ఇంకా పూసుకోలేదు. ఎందుకంటే హాల్లో పెద్ద ఉన్ని కార్పెట్ ఉంది, గుడ్డ సోఫా సెట్ ఉంది, పిల్లలు రోజంతా వాటి మీదే దొర్లుతారు, ముందు అవి బాగుచేయకుండా పూసుకుంటే మళ్ళీ అంటుకుంటుందని నా భయం. క్లీనింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే వచ్చే వారం గానీ కుదరదన్నారు, పైగా షాంపూ వాష్ ఒక్కటే చాలదు, మైట్స్ చావాలంటే మందు స్ప్రే కూడా కొట్టాలి, మూడుసార్లు రావాలి అంటున్నారు. వాళ్ళు పంపిన ఫోటోలో ఆ పురుగుని చూసినప్పట్నుంచి సోఫాలో కూర్చోబుద్ధి కావట్లేదు. మా అత్తగారైతే కార్పెట్ తీసి అవతల పారేయమంటున్నారు. ఏం చేయమంటారు?

సోఫా క్లీనింగ్ తమ్ముడు:

అక్కా, నేను చేసేది ఈ పనే, కార్పెట్లు సోఫాలు పరుపులు, అయినా ఉన్నమాట చెప్తాను, మా పనోళ్ళ కోసం ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఈ రాత్రికే అందరూ క్రీమ్ పూసుకోండి. గజ్జి పురుగు కాపురం మనిషి చర్మం లోపల, సోఫాలో కాదు. ఒంటి మీంచి కింద రాలితే మామూలుగా రెండు మూడు రోజులకి మించి బతకదు. మీరు వారం ఆగితే సోఫా మీద పడ్డవి ఎలాగూ చస్తాయి, ఒంట్లో ఉన్నవి మాత్రం ఈ వారమంతా గుడ్లు పెడుతూనే ఉంటాయి కదా, అంటే ఆగడం వల్ల నష్టమే గానీ లాభం లేదు.

ఇంకోటి, ఆ ఫోటో ఏ పురుగుదో వాళ్ళని అడగండి. మా లైన్లో చాలామంది చూపించేది డస్ట్ మైట్ ఫోటో, అది వేరే జీవి. అది మనల్ని కుట్టదు, చర్మంలోకి దూరదు, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని కార్పెట్లో పరుపులో బతుకుతుంది, దాని రెట్ట వల్ల కొంతమందికి తుమ్ములు, ఆయాసం వస్తాయి. దానికోసమైతే కార్పెట్ క్లీనింగ్‌కి అర్థముంది. గజ్జి ఉన్న ఇంటికి వెళ్ళి డస్ట్ మైట్ బొమ్మ చూపించి మూడు విజిట్లు అంటగట్టడం నాకైతే నచ్చదు.

రేపు పొద్దున క్రీమ్ కడుక్కున్నాక మీరే చేసుకోండి. సోఫా కుషన్లన్నీ పైకి తీసి, సీటూ వెనకా కలిసే సందు ఉంటుందే, మణికట్టు దాకా చెయ్యి దిగిపోతుంది, అక్కడ వ్యాక్యూమ్ సన్న గొట్టం పెట్టి నిదానంగా లాగండి, కుట్ల వెంబడి, గుండీల చుట్టూ కూడా. చేతులు ఆనించే చోట, తల ఆనించే చోట ఇంకొంచెం ఎక్కువ. కార్పెట్‌ని ఒకసారి నిలువుగా ఒకసారి అడ్డంగా లాగాలి, హడావిడిగా తోసేస్తే పైపైన దుమ్మే వస్తుంది. అయిపోగానే ఆ దుమ్మంతా కవర్లో వేసి మూతి కట్టి బయట పడేయండి, మిషన్లోనే వదిలేయొద్దు. తర్వాత మూడు రోజులు ఆ సోఫా వాడకపోతే ఇంకా మంచిది, కుదరదంటే మందపాటి దుప్పటి కప్పి రోజూ మార్చి వేడినీళ్ళలో ఉతకండి.

నిన్నటి వాన:

మందు స్ప్రే మాత్రం కొట్టించకండి, దణ్ణం పెడతా. మాకు ఇలాగే జరిగితే భయంతో సోఫాలకి, పరుపులకి, ఆఖరికి కారు సీట్లకి కూడా కొట్టించాం. ఇల్లంతా ఘాటు, మా పాపకి దగ్గు పట్టుకుంది, దురద తగ్గకపోగా ఒంటి మీద కొత్తగా ఎర్రటి దద్దుర్లు. డాక్టర్ చూసి ఇది గజ్జి కాదమ్మా, మీరు కొట్టించిన మందు చర్మానికి పడక వచ్చిన దద్దుర్లు అన్నారు. అసలు తప్పు ఎక్కడంటే మా ఆయన నాకేం దురద లేదుగా అని క్రీమ్ పూసుకోలేదు, ఆయన దగ్గర్నుంచి మళ్ళీ మాకందరికీ వచ్చింది. సోఫాని తిట్టుకుంటూ రెండు నెలలు పోగొట్టుకున్నాం.

స్కిన్ వార్డు నర్సు:

పైన ఇద్దరూ చెప్పింది కరెక్ట్. మొదటిసారి సోకినవాళ్ళకి దురద మొదలవ్వడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, ఈలోగా ఏ లక్షణం లేకుండానే పక్కవాళ్ళకి అంటించేస్తారు, అందుకే దురద ఉన్నా లేకపోయినా ఒకే రోజు అందరూ పూసుకోవాలనేది.

మామూలు గజ్జిలో ఒక మనిషి ఒంటి మీద మొత్తం ఉండేవి పదీ పదిహేను పురుగులే, అవీ చర్మంలో సొరంగాలు తవ్వుకుని ఉంటాయి, అందులోంచి సోఫా మీద రాలేవి ఎన్నండీ? రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కెన్నెత్ మెలన్బీ అనే శాస్త్రవేత్త వాలంటీర్లని పెట్టి ఇదే చూశాడు, గజ్జి ఉన్న సైనికులు కప్పుకున్న దుప్పట్లలో వాళ్ళని పడుకోబెడితే సోకింది చాలా తక్కువమందికి, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఎక్కువసేపు ఉంటేనే బాగా పాకుతుందని తేలింది. మీ పిల్లలు ఒకర్నొకరు హత్తుకుని పడుకోవడమే దీనికి అసలు దారి, కార్పెట్ కాదు.

అయితే ఒక్క కేసు వేరు. ముసలివాళ్ళు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు ఇంట్లో ఉండి, వాళ్ళ చర్మం మందంగా చెక్కులు కట్టి పొలుసులు రాలుతుంటే అది క్రస్టెడ్ గజ్జి కావచ్చు. అందులో పురుగులు వేలల్లో, లక్షల్లో ఉంటాయి, రాలిన పొలుసుల్లోనూ ఉంటాయి. అప్పుడు మాత్రం గది మొత్తం, సోఫా, కార్పెట్ అన్నీ గట్టిగా వ్యాక్యూమ్ చేయాల్సిందే, అలాంటప్పుడు క్లీనింగ్ వాళ్ళని పిలిస్తే ముందే విషయం చెప్పండి, గ్లవ్స్ వేసుకుంటారు, పాపం వాళ్ళకీ ఇల్లూ పిల్లలూ ఉంటారు. మీ అత్తగారి చేతులు ఒకసారి చూడండి.

చిన్నోడి అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండీ, చదువుతుంటే గుండెల మీంచి బరువు దిగినట్టుంది. అత్తగారి చేతులు చూశాను, వేళ్ళ మధ్య రెండు మూడు పొక్కులు తప్ప చెక్కులేం లేవు. ఆవిడతో సహా అందరం రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా పూసుకున్నాం, గోళ్ళ కింద కూడా. మరి కార్పెట్ ఎలాగూ పాతది, మట్టి పట్టింది, కొన్నాళ్ళాగి షాంపూ వాష్ చేయించొచ్చా? పిల్లల బొచ్చు బొమ్మలు ఉతకలేనివి ఉన్నాయి, వాటినేం చేయాలి?

సోఫా క్లీనింగ్ తమ్ముడు:

నిక్షేపంగా చేయించండి అక్కా, మురికి కోసం చేయించుకోవడంలో తప్పేం లేదు. కాకపోతే ఉన్ని అన్నారు కాబట్టి మరీ వేడినీళ్ళు వద్దని ముందే చెప్పండి, ముడుచుకుపోతుంది, రంగు కూడా దిగొచ్చు, ఓ మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది చూశాకే మిషన్ పెట్టమనండి. సోఫా కింద లేబుల్ మీద ఎస్ అని ఒక్కటే ఉంటే దానికి నీళ్ళు పనికిరావు, ఎక్స్ అని ఉంటే వ్యాక్యూమ్ తప్ప ఇంకేం చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం ఆరబెట్టడం. ఫ్యాన్లు వేసి కిటికీలు తీసిపెట్టండి. పైన ఆరినట్టే ఉంటుంది, అరచెయ్యి నొక్కి పెట్టి చూడండి, చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడి అలాగే ఉండిపోతే బూజు వాసన వస్తుంది, డస్ట్ మైట్లకి కూడా కావాల్సింది ఆ చెమ్మే.

స్కిన్ వార్డు నర్సు:

బొమ్మల్ని ప్లాస్టిక్ కవర్లో వేసి గాలి పోకుండా కట్టి వారం రోజులు పక్కన పెట్టేయండి, అంతే. గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్ళు 50 డిగ్రీలకి పైన వేడినీళ్ళలో ఉతకండి, ఆ వేడి పది నిమిషాలు తగిలితే పురుగూ గుడ్లూ రెండూ చస్తాయి. డాక్టర్ రెండోసారి పూసుకోమన్న తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి, దురద తగ్గింది కదా అని చాలామంది మానేస్తారు. ఇంకో మాట, మందు పనిచేశాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది, చచ్చిన పురుగుల మీద ఒంటికి ఇంకా కోపం తగ్గదన్నమాట. ఆ రోజుల్లో కంగారుపడి మళ్ళీ సోఫా మీద పడకండి, నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా కొత్త పొక్కులు కనిపిస్తే మళ్ళీ డాక్టర్‌కి చూపించండి.