వాతావరణ లెక్కలతో పాట కట్టొచ్చా? స్కూల్ ప్రోగ్రామ్‌కి సలహా కావాలి

ఉద్దానం_సైన్స్:
అందరికీ నమస్తే. పలాస దగ్గర హైస్కూల్లో సైన్స్ చెప్తాను. ఫిబ్రవరి 28 సైన్స్ డే అంటే ప్రతిసారీ అదే అగ్నిపర్వతం, అదే వంటసోడా, పిల్లలకీ విసుగొచ్చింది నాకూ విసుగొచ్చింది. ఈసారి వాతావరణం లెక్కల్ని సంగీతంగా మార్చి స్టేజీ మీద వినిపిద్దామని ఉంది. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ కుర్రాడు డేనియల్ క్రాఫోర్డ్ అని, 1880 నుంచి భూమి ఉష్ణోగ్రతల్ని ఏడాదికో స్వరం చొప్పున చెల్లో (పెద్ద ఫిడేలు లాంటిది) మీద వాయించాడు, 2013లో, యూట్యూబ్‌లో ఉంది చూడండి. మాకు చెల్లో ఎక్కడిది గానీ ఒక హార్మోనియం ఉంది, ఎనిమిదో క్లాసు అమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది, డప్పు కొట్టే కుర్రాళ్ళకైతే కొదవే లేదు. తిత్లీ తుఫాను చేద్దామా, వర్షాలా, ఎండలా, తేలట్లేదు. లెక్క నుంచి స్వరంలోకి ఎలా వెళ్ళాలో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కోట_జంక్షన్_ఫిడేలు:
మాస్టారూ మంచి పని. ఆ చెల్లో ముక్కలో కిటుకు సింపులే, అన్నింటికన్నా చల్లటి ఏడాది 1909ని చెల్లోలో అట్టడుగు స్వరానికి కట్టేశాడు, అక్కణ్ణించి సుమారు 0.03 డిగ్రీలు పెరిగితే ఒక స్వరస్థానం పైకి. 2012 దాకా మూడు స్థాయిల్లో (స నుంచి పై స దాకా ఒక స్థాయి) సరిపోయింది. నాసా లెక్క ప్రకారం 2024 వరకూ అదే కొలతతో వాయిస్తే ఇంకో ఒకటిన్నర స్థాయి ఎక్కాలి, నా ఫిడేలు మీదైతే వేళ్ళు బ్రిడ్జి దగ్గరికి వచ్చేస్తాయి.

కానీ పన్నెండు స్వరస్థానాలూ ఎడాపెడా వాడేస్తే రాగం ఉండదు, మన జనం అయిదు నిమిషాల్లో లేచి టీకి పోతారు. పోనీ మోహన రాగంలో పెడదామంటే ఉన్నవి అయిదు స్వరాలు, చిన్న చిన్న తేడాలన్నీ ఒకే స్వరంలో కలిసిపోతాయి, వినడానికి బావుంటుంది, లెక్క పోతుంది. నేనైతే పాటని ముట్టుకోను. ఆ అమ్మాయికి వచ్చిన గీతం ఏదో ఒకటి తీసుకుని మళ్ళీ మళ్ళీ పాడించి, శ్రుతి (పాటకి ఆధారమైన స ఎత్తు) మారుస్తాను. ఒక్కో ఆవృత్తి ఒక్కో దశాబ్దం, ఉష్ణోగ్రత ఎంత పెరిగితే శ్రుతి అంత జరుగుతుంది, తంబురా యాప్‌లో కొంచెం కొంచెంగా జరుపుకోవచ్చు (హార్మోనియం పనికిరాదు, మెట్ల మధ్యలో ఏమీ ఉండదు). మొదట్లో ఎవరికీ తెలీదు. అదే సాహిత్యం అదే తాళం. 1980లు దాటాక పిల్లకి పై షడ్జం (పై స) అందదు. 1919లో మొదలైన మ్యూజిక్ కాలేజీ ఉన్న ఊరివాణ్ణి, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా కూర్చున్న చోటు, శ్రుతి కదిలించమని చెప్పినందుకు మా గురువుగారు తంతారేమో గానీ ఇది పనిచేస్తుంది.

వంశధార_గట్టు:
పై షడ్జం అందకపోతే పిల్లకి జలుబు చేసిందనుకుంటారు గానీ భూమి వేడెక్కిందని ఎవరనుకుంటారు బాబూ. సగటు ఉష్ణోగ్రత ఎవడికి పట్టింది, తుఫాను అంటే మనోళ్ళకి తెలుసు. తిత్లీయే చెయ్యండి. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల పలాస దగ్గరే తీరం దాటింది, గంటకి 140-150 కిలోమీటర్ల గాలి, కొబ్బరీ జీడీ ఏటయిపోనాయో మాస్టారికి నేను చెప్పక్కర్లేదు. దానికి తప్పెటగుళ్ళు పెట్టండి. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక నంబర్లు ఎగరేస్తారు కదా, 1 నుంచి 11 దాకా, నంబరు మారినప్పుడల్లా దరువు మార్చండి, రేడియోలో ఆ నంబర్లు విన్న ముసలోళ్ళు వెంటనే పట్టేస్తారు, ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మధ్యలో తుఫాను కన్ను వస్తే గాలి ఆగిపోతాది, కాసేపటికి ఎదర దిక్కు నుంచి కొడతాది. అక్కడ దరువు మొత్తం ఆపించండి, కాలి గజ్జెలు కూడా కదలకూడదు, తర్వాత అందరూ అటు తిరిగి మొదలెట్టాలి. తప్పెటగుళ్ళు గొర్రెలు కాసేవాళ్ళు వాన కోసం మొక్కుకుని ఆడే ఆట, తుఫానుకి వాడితే ఏమంటారో వాళ్ళనే అడగండి ముందు.

కోట_జంక్షన్_ఫిడేలు:
గట్టు గారూ జలుబు మాట ఒప్పుకుంటా 😀 కన్ను దగ్గర ఆపడం చాలా బావుంది, నాకు తట్టలేదు. కానీ ఒక్క తుఫాను చూపించి ఇదిగో భూమి వేడెక్కింది అంటే పిల్లలకి తప్పు చెప్పినట్టే. ఆ రాత్రి వేరు, నూరేళ్ళ లెక్క వేరు. సముద్రం వేడెక్కితే తుఫానుకి ఆవిరీ బలమూ ఎక్కువ దొరుకుతాయి, అంతవరకే చెప్పగలం. అందుకే శ్రుతి నూరేళ్ళది ఉంచి, దాని మీద దరువు ఆ రాత్రిది పెట్టుకోవచ్చుగా? పెరిగిన శ్రుతి మీదే తప్పెటగుళ్ళు వచ్చి పడాలి, కింద శ్రుతిలో కాదు.

పొందూరు_మగ్గం:
సంగీతం నాకు తెలీదు, స్టేజీ వెనక కట్టే గుడ్డ గురించి చెప్తా. ఇంగ్లాండులో రీడింగ్ యూనివర్సిటీ సైంటిస్టు ఎడ్ హాకిన్స్ 2018లో ఏడాదికో రంగు చార వేసి చూపించాడు, చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు, అంకెలు లేవు ఏమీ లేవు. మన దేశానిది కూడా నెట్‌లో దొరుకుతుంది, 1901 నుంచి. 2024 దాకా లెక్కేస్తే 124 చారలు, అయిదున్నర మీటర్ల చీర పొడుగులో ఒక్కో ఏడాదికి నాలుగు సెంటీమీటర్ల పైనే వస్తుంది. పడుగు తెలుపే ఉంచి పేక రంగు మార్చుకుంటూ పోవడమే, నీలంలో ఎనిమిది ఛాయలు ఎరుపులో ఎనిమిది, నాడెలు (పేక దారం ఉండేవి) మార్చి మార్చి చెయ్యి పడిపోతాది అది వేరే సంగతి. ఫిబ్రవరికి మగ్గం మీద అవ్వదు గానీ పాత తెల్ల పంచె మీద పిల్లల చేత రంగు వేయించండి. దూరం నుంచి చూసేవాళ్ళకి సెంటీమీటరు చార కనపడదు, నాలుగు ఉండాల్సిందే.

నాగావళి_డేటా:
మాస్టారూ, డేటా కోసం తిరగకండి. పుణెలో వాతావరణ శాఖ ఆఫీసు సైట్‌లో రోజువారీ వర్షపాతం 1901 నుంచి, ఉష్ణోగ్రత 1951 నుంచి ఫ్రీగా ఇస్తున్నారు, మ్యాప్ మీద గళ్ళు గళ్ళుగా ఉంటుంది, మీ జిల్లా గడి తీసుకోవచ్చు. ఒక్క మాట, ఉష్ణోగ్రత యథాతథంగా వాడితే ప్రతి మే నెలా అరుపే వినిపిస్తుంది. ఆ నెల మామూలు సగటు తీసేసి మిగిలిన తేడానే వాడండి.

ఉద్దానం_సైన్స్:
అందరికీ చాలా థాంక్స్. శ్రుతి ఐడియా పిల్ల వాళ్ళ టీచర్‌కి చెప్తే ముందు మొహం చిట్లించారు, తర్వాత ఆవిడే గీతం ఎంచిపెట్టారు. మా జిల్లా గడి 1951 నుంచే కాబట్టి శ్రుతి కూడా అక్కణ్ణించే, ఏడు దశాబ్దాలు, ఏడు ఆవృత్తులు, వెనక పంచె మాత్రం 1901 నుంచి దేశం మొత్తానిది. తప్పెటగుళ్ళు మా డప్పు కుర్రాళ్ళకి రావు, వాళ్ళు తెగ ఊగిపోతున్నారు గానీ ఆ అడుగు వేరు. టెక్కలి, పలాస చుట్టుపక్కల బృందం ఎవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి, దారి ఖర్చూ భోజనమూ మేమే చూసుకుంటాం.