లువా ఎర్రర్ తరువాత ఆండ్రాయిడ్‌లో మాత్రమే యాప్ స్తంభించిపోతోంది: మీ అనుభవాలు తెలపండి

ప్రశ్న
నమస్కారం. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన మా డ్రాయింగ్ అప్లికేషన్‌లో, వాడేవారు తమకు కావలసిన బ్రష్‌లను తామే రాసుకునేందుకు వీలుగా లువా 5.4 అనే స్క్రిప్టింగ్ భాషను చేర్చాను. విజువల్ స్టూడియోతో బిల్డ్ చేసిన విండోస్ వెర్షన్‌లో ఏ ఇబ్బందీ లేదు. ఆండ్రాయిడ్‌లో మాత్రం స్క్రిప్టులో తప్పు దొర్లితే మ్యూటెక్స్ (ఒకేసారి ఒక థ్రెడ్‌కే దారి ఇచ్చే లాక్) విడుదల కాక యాప్ స్తంభించిపోతోంది. ప్రతి స్క్రిప్టునూ పీకాల్ (ఎర్రర్‌ను పట్టుకునే లువా ఫంక్షన్) ద్వారానే నడుపుతున్నాను. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

సమాధానం 1
మాకు ఇదే ఎదురై, కారణం పట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది. సీ కోడ్‌గా కంపైల్ చేసిన లువా ఎర్రర్లను లాంగ్‌జంప్‌తో (మధ్యలోని ఫంక్షన్లను దాటి దూకే సీ పద్ధతి) పైకి పంపుతుంది. స్క్రిప్టు పిలిచిన మీ ఫంక్షన్ లాక్ తీసుకున్న తరువాత ఆర్గ్యుమెంట్‌ను పరీక్షించి, అది సరికాదని ఎర్రర్ లేవనెత్తితే, నియంత్రణ అక్కడి నుంచి తిన్నగా పీకాల్‌కు దూకుతుంది. మధ్యలోని లాక్‌గార్డ్ డిస్ట్రక్టర్ (ఫంక్షన్ ముగిసేటప్పుడు లాక్‌ను విడిచే కోడ్) నడవదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్ లాంగ్‌జంప్‌లోనూ ఎక్సెప్షన్ల (సీ ప్లస్ ప్లస్‌లో ఎర్రర్‌ను పైకి పంపే పద్ధతి) మాదిరిగానే స్టాక్‌ను విప్పుకుంటూ, అంటే దారిలోని డిస్ట్రక్టర్లను నడుపుతూ వస్తుంది కనుక విండోస్‌లో లోపం బయటపడలేదు.

లువా సోర్సు మొత్తాన్ని సీ ప్లస్ ప్లస్‌గా కంపైల్ చేయండి. అప్పుడు అది ఎక్సెప్షన్లనే విసురుతుంది. అయితే ఎక్స్‌టర్న్ సీ (ఫంక్షన్ పేర్లను సీ పద్ధతిలో ఉంచే ప్రకటన) చుట్టిన లువా డాట్ హెచ్‌పీపీని వదిలి, లువా డాట్ హెచ్‌ను నేరుగా చేర్చాలి, లేకుంటే కంపైలైన ముక్కలను కలిపే లింకర్ దగ్గర ఆగిపోతారు. ఆండ్రాయిడ్ బిల్డ్ సాధనమైన ఎన్‌డీకే-బిల్డ్ వాడుతుంటే ఎక్సెప్షన్లను మీరే ఆన్ చేయాలి. మరో బిల్డ్ సాధనమైన సీమేక్‌లో ఆ బెడద లేదు.

సమాధానం 2
పై సలహా సరైనదే, కానీ అలా కంపైల్ చేసిన లువా మీ కోడ్ విసిరిన ఎక్సెప్షన్లను కూడా పట్టేసుకుంటుంది. వాటిలోని సందేశం పోయి, పీకాల్ నుంచి -1 మాత్రం వస్తుంది. అందుచేత మేము స్క్రిప్టుకు అందించే ప్రతి ఫంక్షన్‌లోనూ మన ఎక్సెప్షన్లను అక్కడికక్కడే పట్టి, సందేశాన్ని లువా స్టాక్‌పై పెట్టి, క్యాచ్ బ్లాకు దాటాక ఎర్రర్‌గా లేవనెత్తుతున్నాము. క్యాచ్‌లో మూడు చుక్కలు (ఏ ఎక్సెప్షన్‌నైనా పట్టే గుర్తు) మాత్రం పెట్టకండి. లువా విసిరినది కూడా అక్కడే ఆగిపోతుంది.

సమాధానం 3
ఐఓఎస్ వెర్షన్ కూడా ఉంటే ఒక మాట. సాధారణ యాప్‌లు నడుస్తుండగా మెషిన్ కోడ్ తయారు చేసుకోవడాన్ని ఆపిల్ అనుమతించదు కనుక, లువాజిట్‌కు (నడుస్తుండగా మెషిన్ కోడ్ తయారు చేసే లువా రూపం) మారినా అక్కడ దాని ఇంటర్‌ప్రెటర్ మాత్రమే పని చేస్తుంది. బ్రష్‌లను వాడేవారు ఒకరికొకరు పంచుకుంటారు కాబట్టి, స్క్రిప్టులను టెక్స్ట్‌గా మాత్రమే లోడ్ చేసే మోడ్‌ను ఎంచుకోండి. 5.2 నుంచి లువా బైట్‌కోడ్‌ను (ముందే కంపైల్ చేసిన స్క్రిప్టును) సరిచూడడం లేదు. చెడ్డ బైట్‌కోడ్ యాప్‌నే కూల్చగలదు.

ప్రశ్న వేసినవారు
అందరికీ కృతజ్ఞతలు. సీ ప్లస్ ప్లస్‌గా బిల్డ్ చేశాక మ్యూటెక్స్ విడుదలవుతోంది. ఆర్గ్యుమెంట్ల పరీక్ష లాక్ తీసుకోకముందే ముగిసేలా ఫంక్షన్లను కూడా తిరిగి రాస్తున్నాను. ఇంకా 11 మిగిలాయి.