హత్యలు చేయడం ఇష్టంలేని హంతకురాలు: ఫ్రెంచిదా, రీమేకా?

బరంపురం కుర్రాడు: 'నికితా' చూద్దామనుకుంటున్నా. 1990 ఫ్రెంచిది చూడాలా, 1993 హాలీవుడ్ రీమేక్ చూడాలా?

రాయగడ అక్క: ఫ్రెంచిదే చూడు తమ్ముడూ. హంతకురాలిగా తయారుచేసిన ఆఫీసరే నికితాని పుట్టినరోజని హోటల్‌కి తీసుకెళ్లి గిఫ్టు పెట్టె చేతిలో పెడతాడు, పాపం ఆ పిల్ల మొహం వెలిగిపోతుంది, విప్పితే తుపాకీ! పని కానిచ్చి బాత్‌రూమ్ కిటికీలోంచి దూకెయ్యమంటాడు, తీరా వెళ్తే ఆ కిటికీకి ఇటుకలతో గోడ కట్టేసి ఉంటుంది. నాకైతే అక్కడ ఏడుపొచ్చింది.

పర్లాకిమిడి మాష్టారు: రీమేక్ తీసిపారేసేది కాదు, బ్రిడ్జెట్ ఫోండా బాగానే చేసింది. కాకపోతే చాలా సీన్లు ఉన్నదున్నట్టు దించేశారు.

బరంపురం కుర్రాడు: ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో హిందీ, ఇప్పుడు ఫ్రెంచి కూడానా అక్కా! సరే, ఆదివారం చూస్తా.